మన టపా, మన తాళం: సొంత ఈమెయిల్ సర్వర్ నడపడంలో సాధకబాధకాలు

మా తాతల కాలంలో మా వాడకు టపా నేరుగా వచ్చేది కాదు. పోస్టుమాను ఊళ్లోకొచ్చి, వాడవాళ్ల ఉత్తరాలన్నీ కిరాణా కొట్టు దగ్గిర ఇచ్చిపోయేవాడు. పట్నం కూలికి పోయిన కొడుకు రాసిన కార్డు తల్లి చేతికి అందేలోపు నలుగురు చదివేవాళ్లు. మనియార్డరు సంగతి చెప్పనే అక్కర్లేదు.

పత్రిక పని మొదలుపెట్టినప్పుడు అందరిలాగే మేమూ ఒక ఉచిత ఈమెయిల్ ఖాతా తెరిచాం. వ్యాసాలు, చందాదారుల ఉత్తరాలు, అన్నిటికన్నా ముఖ్యంగా దాడులకు గురైన వాళ్ల దగ్గిర మిత్రులు రాసుకొచ్చిన వాంగ్మూలాలు, అన్నీ అందులోకే వచ్చేవి. ఒకరోజు ఖాతా తెరుచుకోలేదు. అనుమానాస్పదంగా ఉందని ఒక్క వాక్యం కనిపించింది. ఎవర్ని అడగాలో తెలీదు. 19 రోజుల తర్వాత దానంతటదే తెరుచుకుంది. ఎందుకు మూశారో, ఎందుకు తెరిచారో ఇప్పటికీ తెలీదు. టపా మళ్లీ కొట్టు దగ్గిరే ఆగుతోందని మాకు అప్పుడు అర్థమైంది.

సొంత సర్వర్ అంటే కంప్యూటర్ శాస్త్రం చదివినవాళ్ల వ్యవహారం అని వెనక్కి తగ్గక్కర్లేదు. మాలో ఒకరిది చరిత్ర, ఇంకొకరిది సామాజిక శాస్త్రం. ఈమెయిల్ నడిచే పద్ధతి ఎవరి సొత్తూ కాదు. 1982లో జాన్ పోస్టెల్ ఆర్‌ఎఫ్‌సీ 821 అనే పత్రంలో రాసిపెట్టిన ఎస్‌ఎమ్‌టీపీ నియమాలే, కొన్ని మార్పులతో, ఇప్పటికీ నడుస్తున్నాయి. ఎవరి సర్వరైనా ఎవరి సర్వర్‌తోనైనా మాట్లాడొచ్చు. రాతలో సమానత్వం ఉంది. ఆచరణలో ఏమైందో కింద చెప్తాం.

కావలసినవి ఒక డొమైన్ పేరు, రోజంతా నడిచే ఒక లినక్స్ యంత్రం, మారని ఐపీ చిరునామా. ఇంట్లో పాత కంప్యూటర్ ఉంది గదా, దానిమీదే నడుపుదాం అనుకున్నాం. కుదర్లేదు. ఇంటి కనెక్షన్లకు చిరునామా తరచూ మారుతుంది, చాలాచోట్ల ఒకే చిరునామా వెనక వందలాది ఇళ్లుంటాయి. పైగా సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పోర్టు 25ను కంపెనీలు చాలావరకు మూసేస్తాయి. కాబట్టి యంత్రాన్ని అద్దెకు తీసుకున్నాం. అద్దె యంత్రాల్లో కూడా ఆ పోర్టు మూసే ఇస్తారు, అడిగితేనే తెరుస్తారు. డబ్బు కట్టకముందే అడగండి.

లోపల పని రెండు ప్రోగ్రాములది. ఉత్తరాలు పంపేది, పుచ్చుకునేది పోస్ట్‌ఫిక్స్. వచ్చినవాటిని పెట్టెలో ఉంచి, పాస్‌వర్డు చూసి మన ఫోనుకు చూపించేది డవ్‌కాట్. రెండూ ఉచితమే. ఫోను నుంచి పంపడానికి పోర్టు 587 లేదా 465, చదవడానికి 993. చిన్న పత్రికకు 1 జీబీ మెమరీ సరిపోతుంది, వైరస్‌లు వెతికే క్లామ్‌ఏవీ కూడా పెడితే మాత్రం చాలదు.

అసలు తలనొప్పి ప్రోగ్రాములతో కాదు, డీఎన్‌ఎస్ వరసలతో. మన పేరుకు వచ్చే ఉత్తరాలు ఏ యంత్రానికి చేరాలో ఎంఎక్స్ వరస చెప్తుంది. అందులో యంత్రం పేరే రాయాలి, ఐపీ అంకెలు రాయకూడదు. ఆ పేరుకు అంకెలేవో ఏ వరస చెప్తుంది. అంకెల నుంచి తిరిగి పేరు చెప్పేది పీటీఆర్. ఇది సరిగా లేకపోతే పెద్ద సర్వర్లు గుమ్మం దగ్గిరే ఆపేస్తాయి. డొమైన్ కొన్నచోట పీటీఆర్ కోసం రెండు రోజులు వెతికాం. అక్కడ ఉండదు. చిరునామా ఎవరిదో వాళ్లే, అంటే యంత్రం అద్దెకిచ్చినవాళ్లే, పెట్టాలి.

ఆ తర్వాత మూడు సాక్ష్యాలు. మన పేరుతో పంపే హక్కు ఏ యంత్రానికి ఉందో ఎస్‌పీఎఫ్ చెప్తుంది. ఒక పేరుకు ఎస్‌పీఎఫ్ వరస ఒక్కటే ఉండాలి, రెండు రాస్తే రెండూ చెల్లవు. డీకిమ్ ప్రతి ఉత్తరం మీదా సంతకం చేస్తుంది. సంతకం సరిచూసే తాళంచెవి డీఎన్‌ఎస్‌లో ఉంటుంది. 2048 బిట్ల తాళంచెవి 255 అక్షరాలకు మించుతుంది కాబట్టి దాన్ని ముక్కలుగా రాయాలి. అతికించేటప్పుడు ఒక్క అక్షరం జారినా సంతకం చెల్లదు. ఈ రెండూ తప్పితే ఏం చేయాలో డీమార్క్ చెప్తుంది. మొదట్లో దాన్ని "నన్" అని ఉంచి, రోజూ వచ్చే నివేదికలు చూసి, తర్వాత కఠినం చేసుకోవాలి. మూడూ కుదిరాయో లేదో తెలియాలంటే జీమెయిల్ వాడే మిత్రుడికి ఒక ఉత్తరం పంపి, "షో ఒరిజినల్" నొక్కమనండి.

చెడిపోయినప్పుడు ఊహలు వద్దు, లాగ్ చదవండి. అవతలి సర్వర్ జవాబు 4 అంకెతో మొదలైతే ఇప్పుడు కాదు, తర్వాత రమ్మని. పోస్ట్‌ఫిక్స్ మామూలుగా 5 రోజులదాకా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. 5తో మొదలైతే తిరస్కారం. "మెయిల్‌క్యూ" అని కొడితే ఏ ఉత్తరం ఎందుకు ఆగిందో కనిపిస్తుంది. అందరికీ "కనెక్షన్ టైమ్డ్ అవుట్" వస్తుంటే పోర్టు 25 మూసి ఉందన్నమాట.

"రిలే యాక్సెస్ డినైడ్" అని వస్తే జాగ్రత్త. ఫోను పాస్‌వర్డుతో లాగిన్ కాలేదో, మన డొమైన్ పేరు మైడెస్టినేషన్‌లో లేదో చూడాలి. తొందరపడి మైనెట్‌వర్క్స్‌లో లోకాన్నంతా చేర్చారంటే లాటరీ ఉత్తరాల ముఠాలు మీ గుమ్మంలోంచే తమ సరుకు పంపుకుంటాయి. మీ పేరు చెడిపోతుంది.

మమ్మల్ని వారం తిప్పలు పెట్టింది ఇంకొకటి. అన్నిచోట్లకీ ఉత్తరాలు పోతున్నాయి, జీమెయిల్‌కు మాత్రం కొన్ని పోతున్నాయి, కొన్ని తిరిగొస్తున్నాయి. చూస్తే యంత్రానికి మాకు తెలియకుండానే ఐపీవీ6 చిరునామా కూడా ఉంది. దానికి పీటీఆర్ లేదు. దానికీ పీటీఆర్ పెట్టుకోవాలి, లేదా ఐపీవీ4 ఒక్కటే వాడమని పోస్ట్‌ఫిక్స్‌కు చెప్పాలి. మరోసారి అందరి ఫోన్లలో సర్టిఫికెట్ గడువు దాటిందని వచ్చింది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ 90 రోజుల సర్టిఫికెట్ తనంతట తాను కొత్తదైంది, డవ్‌కాట్ మాత్రం పాతదే పట్టుకు కూర్చుంది. కొత్తది వచ్చిన ప్రతిసారీ రీలోడ్ చేయించాలి. ఇక అను ఫాంట్లలో టైపు చేసిన వ్యాసం ఉత్తరంలో అతికిస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి. అది సర్వర్ తప్పు కాదు. యూనికోడ్‌లో పంపమని రచయితలకు చెప్పాలి, చెప్తూనే ఉన్నాం.

అన్నీ సరిగా ఉన్నాక వచ్చే కష్టం వేరు. లాగ్‌లో 250 అని ఉంటుంది, అంటే అవతలివాళ్లు పుచ్చుకున్నారు. ఉత్తరం మాత్రం స్పామ్‌లో పడుంటుంది. ఎందుకని చెప్పేవాళ్లుండరు. ఫిబ్రవరి 2024 నుంచి జీమెయిల్, యాహూ నిబంధనలు బిగించాయి. జీమెయిల్‌కు రోజుకు 5000 పైన పంపేవాళ్లకు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ తప్పనిసరి. ఆ నిబంధనలు కనీసం రాసి ఉన్నాయి. రాయనిది చిరునామా పరపతి. మనకు ముందు ఆ చిరునామాలో ఉన్నవాడు చేసిన పాపం మనకు అంటుతుంది. పక్క చిరునామాల వాళ్లు చేసినదానికి మొత్తం వరసనే వెలివేసే సర్వర్లు కూడా ఉన్నాయి. ఏ పేట నుంచి వచ్చావని అడిగి, జవాబు వినగానే మొహం మార్చుకునేవాళ్లను మనం కొత్తగా చూడ్డం లేదు. అయితే ఇక్కడ చిరునామా మార్చుకోవచ్చు. అద్దెకు తీసుకున్న రోజే దాన్ని స్పామ్‌హౌస్ జాబితాలో వెతకండి, ఉంటే వేరేది ఇమ్మనండి. తర్వాత సంచిక కబురు ఒక్కసారే అందరికీ పంపకుండా, మొదటి వారాల్లో రోజుకు కొద్దిమందికే పంపండి. స్పామ్‌లో పడ్డ ఉత్తరాన్ని బయటికి తీసి జవాబు రాయమని మిత్రులను అడగండి. మాకు దాదాపు రెండు నెలలు పట్టింది.

సొంత సర్వర్ ఉంది గదా అని వాంగ్మూలాలకు పూర్తి భద్రత వచ్చిందనుకోవడం పొరపాటు. ఉత్తరం జీమెయిల్ వాడే మిత్రుడికి పోతే ఒక ప్రతి అక్కడా ఉంటుంది. మా యంత్రమూ ఎవరి భవనంలోనో ఉంది. అందుకని బాధితుల పేర్లు, ఊర్ల పేర్లు ఈమెయిల్‌లో రాయొద్దని కట్టడి చేసుకున్నాం. అవి కాగితం మీదే చేతులు మారతాయి.

ఒక్కడికే తెలిసిన సర్వర్ వాడికి ఉద్యోగం వచ్చిన రోజున ఆగిపోతుంది. మాలో ఇద్దరం నేర్చుకున్నాం. ప్రతి వరస, ప్రతి మార్పు తేదీతో సహా నోటుపుస్తకంలో రాస్తున్నాం. ప్రతి రాత్రి పెట్టెలన్నిటికీ నకలు వేరేచోటికి పోతుంది. నెలకొకసారి ఆ నకలు నుంచి ఒక పాత ఉత్తరం తెరిచి చూస్తాం. మొదటిసారి చూసినప్పుడు తెరుచుకోలేదు.