కువైట్‌లో మనిషి, రాయచోటిలో ఓటు

2024 మే 13న మన రాష్ట్రంలో అసెంబ్లీకి, పార్లమెంటుకు ఒకే రోజు పోలింగ్ జరిగింది. ఆ మధ్యాహ్నం మా సొసైటీ కార్యాలయానికి ఒక సోదరి వచ్చారు. నాలుగేళ్లు కువైట్‌లో ఒక ఇంట్లో వంటపని చేసి, అంతకు రెండు నెలల ముందే రాయచోటికి తిరిగి వచ్చిన మనిషి. ఒక చేతిలో ఓటరు కార్డు, ఇంకో చేతిలో పాస్‌పోర్టు. జాబితాలో అత్త, మామ, భర్త, మరిది అందరి పేర్లూ ఉన్నాయి, ఆమె పేరు లేదు. దేశంలో లేవని తీసేసి ఉంటారమ్మా అని బూత్ దగ్గర ఎవరో చెప్పారట.

"నేను ఇక్కడే ఉన్నాను కదా భాయ్, ఈ కార్డు నాదే కదా" అన్నారు ఆమె. మా దగ్గర జవాబు లేదు. జాబితాలో పేరు లేకపోతే కార్డు ఉన్నా ఓటు లేదు. నామినేషన్ల గడువు ముగిశాక ఆ ఎన్నిక పూర్తయ్యేవరకు జాబితాలో ఒక్క పేరు చేర్చడానికీ చట్టం ఒప్పుకోదు. ఆమెను కూర్చోబెట్టి చాయ్ ఇప్పించి పంపడం తప్ప ఆ రోజు మేము చేయగలిగింది లేకపోయింది.

ఈ సంచిక చదివేవారిలో గల్ఫ్‌తో సంబంధం లేని ఇల్లు తక్కువ. అందుకే ఈ ఏడాది ఈ విషయం రాద్దామనుకున్నాం. రాసేముందు మాలో మాకే వాదన జరిగింది. మా సొసైటీ పెద్దల్లో ఒక హాజీ సాబ్ సూటిగానే అడిగారు: "ఇక్కడి నీళ్లు తాగనివాడు, ఇక్కడి గుంతల రోడ్డు మీద నడవనివాడు, మనకు ఎవరు ఎమ్మెల్యే కావాలో ఎందుకు తేల్చాలి? తప్పుగా ఎన్నుకుంటే అనుభవించేది మనం, అతను కాదు కదా."

ఇది తేలిగ్గా తీసిపారేసే మాట కాదు. ఐర్లండ్ లాంటి దేశం దాదాపు ఈ లెక్క ప్రకారమే నడుస్తోంది. రాయబార కార్యాలయాల సిబ్బంది, సైనికులు వంటి కొద్దిమందికి తప్ప విదేశాల్లో స్థిరపడిన ఐరిష్ పౌరులకు అక్కడి సార్వత్రిక ఎన్నికల్లో ఓటు లేదు. తరతరాలుగా వలసపోయిన దేశం అది. బయట ఉన్నవాళ్లందరికీ ఓటిస్తే లోపల ఉన్నవాళ్ల మాట చెల్లుతుందా అన్న భయం వారిది.

కానీ హాజీ సాబ్ ప్రశ్న అమెరికా వెళ్లినవారికి ఒక రకంగా, కువైట్ వెళ్లినవారికి ఇంకో రకంగా వర్తిస్తుందని మా అభిప్రాయం. అమెరికా వెళ్లినవారు కొన్నేళ్లకు అక్కడి పౌరసత్వం తీసుకోవచ్చు. తీసుకున్న రోజున భారత పౌరసత్వం పోతుంది, దానితో ఓటూ పోతుంది. ఓసీఐ కార్డు ఉంటే ఓటు ఉన్నట్టేనని కొందరు అనుకుంటారు, అది పొరపాటు. అది రాకపోకలకు, ఉండటానికి పనికొస్తుంది తప్ప ఓటుకు పనికిరాదు. గ్రీన్ కార్డు మీద ఉన్నవారు మాత్రం ఇంకా మన పౌరులే. ఇక లండన్ సంగతి విచిత్రం. కామన్వెల్త్ దేశాల పౌరులు కాబట్టి, అక్కడ చట్టబద్ధంగా నివసిస్తున్న మనవాళ్లు బ్రిటిష్ పౌరసత్వం లేకుండానే బ్రిటన్ పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయవచ్చు.

కువైట్‌లో, సౌదీలో అలా కాదు. ముప్పై ఏళ్లు పనిచేసినా కూలికి వెళ్లినవాడు అక్కడి పౌరుడు కాడు. ఇఖామా ఉన్నంతకాలం ఉంటాడు, అయిపోతే వస్తాడు. పంపే ప్రతి దీనారూ ఇక్కడి ఇంటికే, పిల్లల చదువు ఇక్కడే, ముసలితనం ఇక్కడే. అక్కడ అతనికి ఓటు ఎప్పటికీ రాదు. ఇక్కడ కూడా తీసేస్తే లోకంలో ఎక్కడా ఓటు లేని మనిషిగా మిగులుతాడు.

ఢిల్లీలో తీసుకునే నిర్ణయాలు అతనికి తగలవా అంటే, ఇక్కడున్న మనకంటే అతనికే ఎక్కువ తగులుతాయి. 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం గల్ఫ్ దేశాలకు వెళ్లే మన కార్మికుల కనీస సిఫారసు వేతనాన్ని బాగా తగ్గించింది. కరోనా కాలంలో ఉద్యోగాలు నిలబడాలంటే తప్పదన్నారు. దాని మీద తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం పడింది. మరుసటి ఏడాది పాత వేతనాలు తిరిగి అమల్లోకి వచ్చాయి. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న స్త్రీ 30 ఏళ్లు నిండకుండా గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లకూడదన్న నిబంధన కూడా ఢిల్లీలో పెట్టిందే. ఆ నిబంధనను దాటించడానికే ఏజెంట్లు విజిట్ వీసా మీద ఆడపిల్లలను పంపడం మన జిల్లాలో అందరికీ తెలిసిన సంగతి. నిబంధన మంచిదో కాదో వేరే చర్చ. దాని ఫలితం అనుభవించేవారికి దాన్ని పెట్టినవారిని ఎన్నుకోవడంలో పాత్ర ఉండాలా వద్దా అన్నదే ఇక్కడి ప్రశ్న. హాజీ సాబ్ తన మాట వెనక్కి తీసుకోలేదు కానీ, "ఖద్దామా వీసా మీద పోయినవాళ్ల సంగతి వేరే" అన్నారు. మాకు అది చాలు.

ఇక చట్టం సంగతి. మన ఓటరు జాబితా 'సాధారణ నివాసం' అన్న మాట మీద నిలబడి ఉంది. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఎక్కడ మామూలుగా నివసిస్తామో అక్కడే ఓటు. తాత్కాలికంగా ఊళ్లో లేనంత మాత్రాన ఆ నివాసం పోదని కూడా అదే చట్టం చెబుతుంది. కానీ తాత్కాలికం అంటే ఎన్నాళ్లు? రెండేళ్ల ఒప్పందం మీద వెళ్లినవారు తాత్కాలికమా, కాదా? ఆ సందులోనే చాలామంది పేర్లు పోయేవి. 2010లో చట్టాన్ని సవరించి 20ఎ అనే సెక్షన్ చేర్చారు. అది 2011 ఫిబ్రవరి 10 నుంచి అమల్లో ఉంది. ఉద్యోగం కోసమో చదువు కోసమో మరే కారణంగానో విదేశంలో ఉన్నవారు, వేరే దేశపు పౌరసత్వం తీసుకోకపోతే, పాస్‌పోర్టులో ఉన్న స్వదేశపు చిరునామా ఏ నియోజకవర్గంలో ఉందో అక్కడ ఓటరుగా నమోదు కావచ్చు. ఎన్నేళ్లుగా బయట ఉన్నారన్న లెక్క లేదు.

హక్కు వచ్చింది. అయితే ఓటు వేయాలంటే పోలింగ్ రోజున పాస్‌పోర్టు పట్టుకుని ఇక్కడి బూత్‌కు స్వయంగా రావాలి. 2024లో ఈదుల్ ఫితర్ ఏప్రిల్ 11న వచ్చింది, మన పోలింగ్ మే 13న. పండుగకు సెలవు పెట్టి వచ్చినవారిలో ఎక్కువమంది అప్పటికే తిరిగి వెళ్లిపోయారు. ఒక ఓటు కోసం మళ్లీ టికెట్ కొనేదెవరు, కఫీల్ సెలవు ఇచ్చేదెవరు?

అంకెలు ఇదే చెబుతాయి. విదేశాల్లో కోటికి పైగా భారత పౌరులు ఉంటే, 2024 లోక్‌సభ ఎన్నికల నాటికి ప్రవాస ఓటర్లుగా నమోదైనవారు 1.19 లక్షల మందికి పైగా. ఓటు వేసినవారు 2,958 మంది. నమోదైనవారిలో దాదాపు 90 వేలమంది ఒక్క కేరళవారే. అక్కడి ప్రవాస సంఘాలు విమానాల్లో సీట్లు టోకున మాట్లాడి మరీ ఓటర్లను ఊళ్లకు తీసుకువస్తాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో నమోదైనవారు ఎనిమిది వేలకు కాస్త తక్కువ, ఓటేసినవారు రెండు వందల లోపు. రాయచోటి నుంచి, రాజంపేట నుంచి, కడప నుంచి ఎందరు బయట ఉన్నారో తెలిసిన మనకు ఈ అంకె చూస్తే సిగ్గనిపించాలి. చట్టాన్ని తిట్టుకునే ముందు ఫారం నింపనిది మనమే.

రాకుండానే ఓటు వేసే మార్గం కోసం ప్రయత్నాలు జరగలేదని కాదు. లండన్‌లో ఉంటున్న నాగేందర్ చిందం, అబుధాబిలోని వైద్యుడు షంషీర్ వయలిల్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ తర్వాత వచ్చిన బిల్లులో 'ప్రాక్సీ' పద్ధతి పెట్టారు. అంటే విదేశంలో ఉన్నవారి తరఫున ఇక్కడ ఇంకొకరు ఓటు వేయడం. 2018 ఆగస్టులో లోక్‌సభ దాన్ని ఆమోదించింది. రాజ్యసభ దాటకముందే ఆ సభ కాలం తీరి బిల్లు మురిగిపోయింది.

అది మురిగిపోయినందుకు మేము పెద్దగా బాధపడటం లేదు. మన ప్రాంతం నుంచి కువైట్‌కు వెళ్లినవారిలో ఎందరో స్త్రీలు. వారి ప్రాక్సీగా ఎవరు ఉంటారు? భర్తో, మామో, కొడుకో. ఆమె పంపిన డబ్బు ఎలా ఖర్చు కావాలో కూడా ఆమెను అడగని ఇళ్లు మాకు తెలుసు. అలాంటి ఇంట్లో ఆమె ఓటు ఆమె చెప్పిన గుర్తుకే పడుతుందని ఎవరు హామీ ఇస్తారు? మైళ్ల దూరాన ఉన్న ఆమెకు అది తెలిసే దారి కూడా లేదు.

రెండో మార్గం ఎలక్ట్రానిక్ పోస్టల్ బ్యాలెట్. సైనికులకు ఇప్పటికే ఉంది. బ్యాలెట్ పత్రం ఆన్‌లైన్‌లో వస్తుంది, ముద్రించుకుని గుర్తు పెట్టి తపాలాలో తిప్పి పంపాలి. ప్రవాసులకూ దీన్ని ఇవ్వగలమని ఎన్నికల సంఘం 2020 చివర్లో కేంద్రానికి రాసింది. ఇది ప్రాక్సీ కంటే మేలే. కానీ ఒక్క గదిలో ఎనిమిది మంది ఉండే లేబర్ క్యాంపులో రహస్య ఓటు ఎంతవరకు రహస్యం? కఫీల్ ఇంట్లోనే ఉండే పనిమనిషి ఆ కాగితం ఎక్కడ ముద్రించుకుంటుంది?

ఫిలిప్పీన్స్ చూడండి. మనలాగే గల్ఫ్‌కు లక్షలాదిమందిని పంపే దేశం. 2003లో చట్టం చేసి 2004 నుంచి విదేశాల్లోని తమవారి చేత ఓటు వేయిస్తోంది. గల్ఫ్‌లోని తన రాయబార కార్యాలయాల్లో కూడా వేయిస్తోంది. ఒక్క రోజు కాదు, నెల రోజుల గడువు ఇస్తుంది. ఏదో ఒక సెలవు రోజున వెళ్లి వేసి రావచ్చు. 2025లో ఇంటర్నెట్ ద్వారా కూడా వేయించింది. గల్ఫ్ ప్రభుత్వాలు ఒప్పుకోవన్న సాకు దీనితో నిలబడదు. మరి మనకెందుకు కాదు అంటే ఒక చిక్కు నిజంగానే ఉంది. బయట ఉన్న ఫిలిప్పీన్స్ పౌరులు దేశాధ్యక్షుడి వంటి జాతీయ పదవులకే ఓటు వేస్తారు, అందరికీ ఒకే బ్యాలెట్ సరిపోతుంది. మనకు 543 లోక్‌సభ స్థానాలు, వేల అసెంబ్లీ స్థానాలు. రాయచోటి మనిషికి రాయచోటి బ్యాలెట్, పీలేరు మనిషికి పీలేరు బ్యాలెట్ ఇవ్వాలి. కష్టమే కానీ, కంప్యూటర్లున్న ఈ రోజుల్లో చేయలేని పని అనుకోము. మా ఓటు రాయబార కార్యాలయంలోని పెట్టెకే.

అది వచ్చేదాకా ఉన్న హక్కును పోగొట్టుకోకూడదు. 2025లో బీహార్‌లో ఓటరు జాబితా ప్రత్యేక సవరణ జరిగినప్పుడు ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు లేకుండా పోయాయి. చనిపోయినవారు, రెండుచోట్ల ఉన్నవారు, వేరే చోటికి వెళ్లినవారు, ఇంటి దగ్గర కనిపించనివారు అని కారణాలు చూపారు. గల్ఫ్‌లో ఉన్నవారు ఇంటి దగ్గర ఎలా కనిపిస్తారు?

దీనికి మందు ఫారం 6ఎ. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లోనే, కువైట్‌లో కూర్చుని ఫోన్‌లో నింపవచ్చు. ఫోటో, పాస్‌పోర్టులో ఫోటో, చిరునామా ఉన్న పేజీలు, చెల్లుబాటులో ఉన్న వీసా పేజీ కావాలి. పేరు ఆ బూత్ జాబితా చివర ప్రవాస ఓటర్ల భాగంలో చేరుతుంది. ఓటరు కార్డు ఇవ్వరు, పాస్‌పోర్టే కార్డు. పాత కార్డు ఉంటే తిరిగి ఇచ్చేయాలి. ఒకే మనిషి పేరు రెండుచోట్ల ఉండటం నేరం. పూర్తిగా తిరిగి వచ్చేస్తే మళ్లీ మామూలు ఓటరుగా ఫారం 6 పెట్టుకోవాలి.

మొదట చెప్పిన సోదరి ఆ ఏడాదే మళ్లీ కువైట్ వెళ్లారు. వీసా పేజీ వాట్సాప్‌లో పంపితే మా కుర్రాళ్లు ఆమెతో ఫోన్‌లో మాట్లాడుతూ ఫారం పూర్తి చేయించారు. కొన్నాళ్లకు బూత్ అధికారి విచారణకు ఇంటికి వచ్చారు. కోడలు ఎక్కడమ్మా అని అడిగితే అత్తగారు భయపడి, ఇక్కడే ఉంది, సంతకు పోయింది అన్నారట. తర్వాత మేము వెళ్లి ఆమెకు నచ్చజెప్పాం: "ఇప్పుడు కువైట్‌లో ఉందనే చెప్పాలమ్మా, అదే సరైన జవాబు." ఆ అధికారిని మళ్లీ పిలిపించి ఆ మాట చెప్పించేసరికి ఇంకో రెండు వారాలు పట్టింది.