చేప తీర్చే బాకీ

పరుగు పందెంలో గీత దాటిన తరువాత మీరేం చేస్తారు? నడుము మీద చేతులు వేసుకుని కొంతసేపు రొప్పుతారు. పరుగు ఆగింది గదా, మరి రొప్పు ఎందుకు ఆగదు? పరుగెత్తేటప్పుడు శరీరం చేసిన అప్పును ఇప్పుడు తీరుస్తోంది కనుక. బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు ఎ.వి. హిల్ 1920లలో దీనిని 'ఆక్సిజన్ ఋణం' అన్నాడు. ఈ ఋణం చేపలకూ ఉంది.

రెయిన్‌బో ట్రౌట్ అనే చేప గాలానికి చిక్కిందనుకోండి. అది ప్రాణభయంతో గింజుకుంటుంది. ఆ పెనుగులాట అంతా తెల్ల కండరాలదే. చేప ఒంట్లో అధికభాగం ఇవే. వీటికి రక్తప్రసారం తక్కువ. రక్తం తెచ్చే ఆక్సిజన్ అంత పనికి చాలదు. అందుచేత కండరంలో నిలవ ఉన్న గ్లైకోజన్ ఆక్సిజన్ లేకుండానే విచ్ఛిన్నమై శక్తినిస్తుంది. లాక్టేట్ పేరుకుంటుంది. కండరంలోనూ, రక్తంలోనూ ఆమ్లత్వం పెరుగుతుంది. కొద్ది నిమిషాలలో చేప సొమ్మసిల్లుతుంది.

అప్పుడు మొదలవుతుంది బాకీ తీర్చడం. మొప్పల మూతలు వేగంగా ఆడతాయి. చేప మామూలుకన్నా ఎన్నోరెట్లు ఆక్సిజన్ తీసుకుంటుంది. మన శరీరంలో లాక్టేట్ చాలావరకు కండరం విడిచి రక్తంలోకి పోతుంది. ట్రౌట్‌లో అధికభాగం కండరంలోనే ఉండిపోయి, అక్కడే తిరిగి గ్లైకోజన్‌గా మారుతుంది. ఇది నిదానమైన పని. పూర్తిగా కోలుకోవడానికి ఎనిమిది నుంచి పన్నెండు గంటలు పట్టవచ్చు.

20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజనే కరిగి ఉంటుంది. లీటరు గాలిలో అంతకు ముప్ఫై రెట్లు ఉంది. అయితే అలసిన చేపను గాలిలో ఉంచితే మేలేనా? కానే కాదు. నీటిలో విడివిడిగా తేలే మొప్పల సన్నని పొరలు, గాలిలో తడిసిన పుస్తకం పుటల్లా ఒకదానికొకటి అంటుకుపోతాయి. చుట్టూ ఆక్సిజన్ ఉన్నా చేపకు అందదు!

ఇది ఎంత ప్రమాదమో 1992లో ప్రచురితమైన ఒక కెనడా ప్రయోగం తెలిపింది. ట్రౌట్లను అలసిపోయేదాకా తరిమి నీటిలోనే ఉంచితే, పన్నెండు గంటలలో నూటికి 12 చచ్చాయి. తరిమిన తరువాత అర నిమిషం గాలిలో ఉంచితే 38, ఒక్క నిమిషం ఉంచితే 72 చచ్చాయి.

మీరెప్పుడైనా గాలానికి పడ్డ చిన్న చేపను జాలితో వదలదలిస్తే, దాన్ని పైకెత్తి మిత్రులకు చూపుతూ నిలబడకండి. నీటిలో ఉండగానే గాలం తీయండి. అది ఈదుకుంటూ పోయినంత మాత్రాన గండం గడిచినట్లు కాదు. దాని బాకీ ఇంకా తీరలేదు.