తోడేలు బలమెంత?

గుఱ్ఱాన్ని కొనేవాడు దాని పళ్లు చూస్తాడు. ఎద్దును బేరమాడేవాడు మూపురం నిమిరి, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. జంతువు బలాన్ని అంచనా కట్టడంలో మానవుడు వేల యేండ్లుగా ఆరితేరినవాడే. అయితే ఆ జంతువు కాగితం మీద తప్ప మరెక్కడా లేనిదైతే దాని బలాన్ని తెలుసుకొనేదెట్లు? ఇది వట్టి పొడుపుకథ కాదు. 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆట ఆడేవారు ఈ ప్రశ్నను పట్టుకొని ఎంతో శ్రద్ధగా లెక్కలు కట్టారు. ఆ లెక్కల వెంట అసంతృప్తి వచ్చినది. దాని వెంట నియమాలే మారినవి.

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రపు లేక్ జెనీవా అనే చిన్న ఊరు ఈ ఆటకు పుట్టినిల్లు. 1974లో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇరువురు దీనిని లోకానికి అందించారు. బల్ల మీద బొమ్మల సైన్యాలను నడిపే యుద్ధక్రీడలు అప్పటికే ఉన్నవి. వీరు సైన్యాన్ని వదలి, ఒక్కొక్క ఆటగానికి ఒక్కొక్క వీరుణ్ణి అప్పగించారు. ఒకరు సూత్రధారి వలె కథను నడుపుతారు. తక్కినవారు తమ పాత్రలు చేయదలచిన పనిని నోటితో చెబుతారు. ఆ పని నెరవేరినదీ లేనిదీ తేల్చేది పాచిక. మాయాద్యూతంలో శకుని విసరిన పాచికలు మనకు తెలుసు. ఇక్కడ ప్రధానమైన పాచికకు ఇరువది ముఖాలు.

ఈ వీరులలో రేంజర్ అనే వనచరుడొకడు. 2014లో వెలువడిన అయిదవ కూర్పు నియమాల ప్రకారం, కొంత అనుభవం గడించి మూడవ మెట్టుకు చేరిన రేంజర్ ఒక అడవి మృగాన్ని చెలిమికానిగా చేసికొనవచ్చు. ఆ మృగం మనిషి కంటె పెద్దది కారాదు, మరీ భయంకరమైనదీ కారాదు. ఈ హద్దుకు లోబడినవాటిలో తోడేలు, చిరుతపులి, అడవిపంది, మాస్టిఫ్ జాతి కుక్క అనే నాలుగింటిని చూద్దాము.

ప్రతి మృగానికీ కొన్ని అంకెలు ఉంటవి. ఎన్ని దెబ్బలకు ఓర్చుకొనగలదో చెప్పే ప్రాణాంకె ఒకటి. దానిని కొట్టడం శత్రువుకు ఎంత కష్టమో చెప్పే రక్షణాంకె మరొకటి. తోడేలుకు ప్రాణాంకె 11, రక్షణాంకె 13. చిరుతకు 13, 12. పందికి 11, 11. కుక్కకు 5, 12. ఇంతవరకు చూచినవాడు చిరుతనో తోడేలునో ఎన్నుకొంటాడు. కుక్క వైపు కన్నెత్తి చూడడు.

ఇక కాటు సంగతి. ఎదుట నిలిచిన శత్రువు రక్షణాంకె 15 అనుకొందాము. తోడేలు ఇరువది ముఖాల పాచిక విసరి, వచ్చిన అంకెకు 4 కలుపుకొంటుంది. మొత్తం 15 అయితే కాటు తగిలినట్లు. అనగా ఇరువది ముఖాలలో పది అనుకూలం. తగిలిన కాటు విలువ సగటున 7. సగం కాట్లు వృథా పోతవి కాబట్టి ఒక్కొక్క వంతుకు దక్కేది 3.5. ఇదే లెక్కన చిరుత కాటుకు దక్కేది 2.75. పంది కోరకు రెండు మాత్రమే. అయితే ఇరువది అడుగులు తిన్నగా పరుగెత్తి వచ్చి పొడిస్తే 3.6 వరకు పోతుంది. ఇది తోడేలు కంటె ఒక వెంట్రుకవాసి ఎక్కువే.

ఇక్కడనే తోడేలు రహస్యం బయటపడుతుంది. శత్రువుకు అయిదడుగుల దూరంలో తన పక్షంవాడు ఒక్కడు నిలబడి ఉన్నా చాలు, తోడేలు పాచికను రెండుసార్లు విసరి మేలైన అంకెను తీసికొంటుంది. రెండూ తప్పిపోయే అవకాశం నాలుగింట ఒకటి మాత్రమే. కావున 3.5 కాస్తా 5.25 అవుతుంది. పళ్లు మారలేదు, దవడ మారలేదు. పక్కన ఒక తోడు వచ్చినది, అంతే. ఒంటరి తోడేలునూ తోడున్న తోడేలునూ ఒకే అంకెతో కొలవడం పొరపాటన్నమాట.

మచ్చికైన మృగానికి యజమాని నైపుణ్యం కూడ కొంత కలుస్తుంది. మొదట్లో దాని రక్షణకు, దాడికి, దెబ్బకు రెండేసి అంకెలు చేరుతవి. అన్నింటికీ ఒకే తీరున చేరుతవి కాబట్టి పై తారతమ్యం మారదు.

ఇన్ని లెక్కలు కట్టినవారికి చివరకు తట్టిన విషయం వేరు. 2014 నియమం ప్రకారం మృగం కరవాలంటే రేంజర్ తన వంతును దానికి ధారపోయాలి. ఎక్కుపెట్టిన విల్లు దింపి, "పట్టు!" అని కేక వేసి, తాను చూస్తూ నిలబడాలి. అయిదవ మెట్టు చేరేవరకు ఇదే గతి. ఆ తరువాతనే మృగం కాటుతో పాటు తానూ ఒక బాణం వేయగలడు. ఇద్దరు యోధులున్నారన్న పేరే గాని, యుద్ధం చేసేది ఒక్కరు. తోడేలు బలమెంత అన్న ప్రశ్నకు, ఆ బలానికి వెల ఎంత, దానిని చెల్లించేదెవరు అన్న ప్రశ్న తోడైనది.

ఆ వెల మృగం కూడ చెల్లించవలసి వచ్చేది. ఓగర్ అనే రాక్షసుని గద దెబ్బ విలువ సగటున 13. మూడవ మెట్టు రేంజర్ వెంట నడిచే తోడేలు ప్రాణాంకె 12. లెక్క అక్కడికి ముగిసినది. పదవ మెట్టుకు ప్రాణాంకె 40కి పెరుగుతుంది. కాని ఆ మెట్టులో ఎదురయ్యే యౌవనంలోని ఎఱ్ఱ డ్రాగన్ విడిచే మంట విలువ సగటున 56. తప్పించుకొనలేని తోడేలు బూడిద కావలసిందే. నియమం దానికీ ఒక ఉపాయం చెప్పినది: ఎనిమిది గంటలు వెచ్చించి మరొక మృగంతో చెలిమి కట్టుకొనవచ్చు. కాగితం మీది నష్టం తీరుతుంది. కాని నెలల తరబడి దానికి ఒక పేరు పెట్టి పిలిచినవాడు ఆ రాత్రి కాగితం మీద పాత పేరు కొట్టివేసి కొత్త పేరు వ్రాయగలడా?

2020లో వచ్చిన 'తాషాస్ కాల్డ్రన్ ఆఫ్ ఎవ్రిథింగ్' అనే గ్రంథం మరొక మార్గం చూపినది. నేల, నీరు, నింగి అని మృగాలను మూడు రూపాలుగా విభజించి, వాటి ప్రాణాంకెను యజమాని మెట్టుతో ముడిపెట్టినది: నేల, నీటి మృగాలకైతే మెట్టును అయిదుతో గుణించి, మరొక అయిదు కలపాలి. పదవ మెట్టులో అది 55. డ్రాగన్ మంట సగటుకు ఒక్క అంకె తక్కువ! అంటే ఆపదలో పెద్ద మార్పేమీ లేదు. మారినవి రెండు. మృగానికి ఆజ్ఞ ఇచ్చినా యజమాని బాణం వేసే వంతు పోదు. మృగం చనిపోతే గంటలోపల దానిని చేతితో తాకి, ఒక మంత్రశక్తిని వెచ్చిస్తే, నిమిషంలో అదే మృగం లేచి నిలబడుతుంది. మరొకటి కాదు, అదే. 2024 నాటి కొత్త కూర్పు కూడ ఈ మార్గాన్నే నిలుపుకొన్నది.

ఇక్కడ మనకొక పాత కథ జ్ఞప్తికి రాకమానదు. మహాప్రస్థానంలో ద్రౌపది పడిపోయినది. గదాధరుడు, గాండీవధరుడు సైతం పడిపోయారు. ధర్మరాజు వెంట కడవరకు నడిచినది ఒక కుక్క. దాని కాటు విలువ వ్యాసుడూ చెప్పలేదు, తెనిగించిన తిక్కనా చెప్పలేదు. స్వర్గద్వారం దగ్గర దానిని విడిచి రమ్మన్నప్పుడు ధర్మరాజు ఒప్పుకొనలేదు.

అందుచేత లెక్కలు కట్టేవారిని పరిహసించనవసరం లేదు. తన తోడేలు ఒక్క దెబ్బకు పడిపోతుందని ముందే తెలిసినవాడు దానిని ఓగర్ ముందుకు తోలడు. అంకెలు తెలిసికొనడం కూడ ఒక సంరక్షణమే. బల్లకు ఆవల సూత్రధారి గద ఎత్తినాడని చెబుతాడు. ఆటగాడు పాచికను గుప్పిట పట్టుకొని, కాగితం మీద మిగిలిన ప్రాణాంకె వైపు ఒకసారి చూచి, "వెనక్కు రా" అంటాడు. విల్లు తానే ఎత్తుతాడు.