ఇంట్లోని పెద్దవారికి దివ్యాంగ పింఛను: దరఖాస్తు చేసేటప్పుడు చూసుకోవలసినవి

స్కాలర్‌షిప్ ఫారం కోసం మీలో చాలామంది సేతు కేంద్రంలో ఆదాయ దాఖలా తీయించుకొనే ఉంటారు. ఆ తిరుగుడు అలవాటైన పిల్లలు ఇంట్లోని పెద్దవారికి కూడా ఒక పని చేసిపెట్టవచ్చు. మా నాయనమ్మ కోసం తిరిగి నేను తెలుసుకున్నది రాస్తున్నాను.

పక్షవాతం వచ్చి నాయనమ్మకు కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. అప్పటికే ఆమెకు శ్రావణబాళ్ యోజన కింద వృద్ధాప్య పింఛను వస్తోంది. వస్తోంది కదా అని మేమూ ఊరుకున్నాం. అయితే 1,500 రూపాయలున్న ఆ పింఛనును మహారాష్ట్ర ప్రభుత్వం 2025 అక్టోబరు నుంచి దివ్యాంగులకు మాత్రం 2,500 చేసింది. పేరు వృద్ధుల లెక్కలోనే ఉండిపోతే పాత మొత్తమే వస్తుంది. ఒక్క సర్టిఫికెట్ లేక నెలకు వెయ్యి రూపాయలు పోతున్నాయి. ఆమె మందులకు అయ్యేది దాదాపు అంతే.

65 ఏళ్ళు నిండనివారికి సంజయ్ గాంధీ నిరాధార్ అనుదాన్ యోజన, నిండినవారికి శ్రావణబాళ్. రెండింటికీ అర్జీ తహసీల్ కచేరిలోనే. ఆదాయ దాఖలా, మహారాష్ట్రలో 15 ఏళ్ళుగా ఉంటున్నట్టు రుజువు కావాలి. దివ్యాంగులుగా అడిగేటప్పుడు 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ జతచేయాలి. దీనికి ముందుగా స్వావలంబన్ పోర్టల్‌లో యూడీఐడీ కార్డుకు నమోదు చేసి, తర్వాత ఆసుపత్రిలో డాక్టర్లకు చూపించాలి. ఏ రోజు చూస్తారో ముందే కనుక్కొని బయలుదేరండి. పెద్దవారిని రెండుసార్లు తిప్పడం మాటలు కాదు. 75 ఏళ్ళు నిండినవారికి రాష్ట్రంలో ఎస్టీ బస్సు ప్రయాణం 2022 నుంచి ఉచితం, ఆ ఖర్చు మాకు తప్పింది.

అసలు కష్టం నాయనమ్మను ఒప్పించడం. "నేనేమన్న అవిటిదాన్నా బిడ్డా? ఎవరన్న వింటే ఏమనుకుంటరు?" అని పదిహేను రోజులు కదలలేదు. డబ్బు నీ పేరు మీద, నీ ఖాతాలోనే పడుతుంది, ఎవరినీ అడిగే పని ఉండదు అన్న తర్వాతే చీర మార్చుకుంది. పెద్దవారికి చెప్పకుండా ఫారం నింపకండి. మనం రాసిపెట్టేవాళ్ళమే, అర్జీదారు వారే.

ఇక పేర్ల సంగతి. మన తెలుగువాళ్ళు ఇంటిపేరు ముందు రాస్తాం. మరాఠీ ఫారంలో సొంత పేరు, తర్వాత భర్త లేదా తండ్రి పేరు, చివర ఇంటిపేరు. రేషన్ కార్డులో లక్ష్మవ్వ, బ్యాంకు పుస్తకంలో లక్ష్మీబాయి, ఆధార్‌లో ఇంటిపేరు ముందు: ఇలా ఉంటే మనకు ఒకే మనిషి, కంప్యూటరుకు ముగ్గురు. మా కాగితాలు మొదటిసారి వెనక్కి వచ్చింది ఇందుకే. తప్పు మాదే, ముందే పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. మొదట ఆధార్ సరిచేయించి, దాని ప్రకారం బ్యాంకు పుస్తకం మార్పించి, ఆ తర్వాతే యూడీఐడీ నమోదు చేయండి. ఇప్పుడు డబ్బు ఆధార్ జతచేసిన ఖాతాకే నేరుగా వస్తుంది. వేలిముద్ర పడని చేయి అయితే రెండో చేతివి, లేదా కంటిపాప గుర్తు తీసుకొమ్మని అడగండి.

సరిహద్దు అవతలి మాట కూడా చెప్పాలి. కిన్వట్ తాలూకా 1956 వరకు ఆదిలాబాద్ జిల్లాలోదే కనుక మన చుట్టాలు అటూ ఇటూ ఉన్నారు. తెలంగాణలో 2023లో దివ్యాంగుల పింఛను 4,016 చేశారని విని, అమ్మ పేరు అక్కడి కొడుకు కార్డులో రాయిద్దామా అని కొందరు నన్ను అడిగారు. ఆమె ఉండేది ఇక్కడైతే అది అబద్ధపు చిరునామా అవుతుంది. రెండుచోట్ల తీసుకుంటే ఆధార్‌తో బయటపడుతుంది, ఉన్నదీ ఆగుతుంది. నేను వద్దన్నాను. నిజంగా అక్కడికే వెళ్ళి ఉంటున్నవారి సంగతి వేరు.

అర్జీ ఇచ్చినప్పుడు పోచ్ పావతీ తప్పక తీసుకోండి. తాలూకా కమిటీ సమావేశంలో మంజూరు కావాలి కాబట్టి ఆ తేదీ అడిగి రాసుకోండి. మంజూరయ్యాక ఏటా బతికి ఉన్నట్టు హయాతీ దాఖలా ఇవ్వాలి. సర్టిఫికెట్ మీద గడువు తేదీ ఉంటే అది మీ పరీక్షల నెలలో పడుతుందేమో ఇప్పుడే చూసుకోండి, మాకు అలాగే పడింది.