టీవీని పండబెట్టి తీసుకపోకండి

సోలాపూర్‌లో మన పేటల నుండి సామాను టెంపోలు కుంభారి దిక్కు పోతూనే ఉన్నాయి. 2024 జనవరి 19 నాడు రాయ్‌నగర్‌లో 15,000 ఇండ్లు అప్పగించినప్పటి సంది బీడీలు చేసే అక్కలు, పవర్‌లూమ్ మీద పనిచేసే అన్నలు కిరాయి ఖోలీలు ఖాళీ చేసి సొంత ఇండ్లకు పోతున్నారు. ఎంతో సంతోషం. మేము కూడా ఇల్లు మారినం. కానీ ఆ సంతోషం రోజునే మా ఇంట్ల ఒక నష్టం జరిగింది. మీ ఇంట్ల అట్లా కావొద్దని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా ఇంటామె బీడీలు చేసి, నెలనెలా చిట్టీ కట్టి, ఆ పైసలతో 32 అంగుళాల టీవీ కొన్నది. 14 వేల రూపాయలు. ఇల్లు మారే రోజు నేను ఛోటా హాథీ టెంపో మాట్లాడిన. కింద రెండు పరుపులు పరిపిచ్చి, వాటి మీద టీవీని పండబెట్టిచ్చిన. మా కోడలు, "మామా, నిలబెడితే మంచిదేమో" అన్నది. "మిల్లుల, కార్ఖానాల నలభై ఏండ్లు సామాను మోసిన. నాకు చెప్తవా?" అన్న. పిల్ల ఊకున్నది.

నా ధీమాకు కారణం పాత డబ్బా టీవీ. దానిని రెండు మూడు ఖోలీలు మార్చిన. దాని ముందటి అద్దం చాలా దొడ్డు, బరువంతా ముందటి దిక్కే ఉండేది. పరుపు మీద బోర్ల పెట్టి తెచ్చినా ఏమీ కాలేదు. కొత్త టీవీ కూడా అట్లనే అనుకున్నా.

కొత్త ఇంట్ల గోడకు పెట్టి చాలు చేస్తే మాట వినవచ్చింది గాని బొమ్మ రాలేదు. ఒక మూల నుండి సాలెగూడు లెక్క గీతలు. పైన చెయ్యి పెట్టి చూస్తే నున్నగనే ఉన్నది. లోపల పగిలింది. మెకానిక్ వచ్చి, "స్క్రీన్ మారిస్తే కొత్త టీవీ ధర దగ్గర దగ్గర అవుతుంది, పగిలిన దానికి వారంటీ రాదు" అన్నాడు. మా ఇంటామె ఒక్క మాట అనలేదు. చాట ముందట వేసుకొని ఆకు కత్తిరించుడు మొదలుపెట్టింది. నాలుగు మాటలు తిట్టినా బాగుండు అనిపించింది.

ఆ మెకానిక్కే నాకు సంగతి చెప్పిండు. ఇప్పటి టీవీల రెండు పలుచని అద్దాలు ఉంటాయి. నిలబెడితే బరువు కింది అంచు మీద, ఫ్రేము మీద పడుతుంది. పండబెడితే నాలుగు అంచులే ఆధారం, నడుమ భాగం వేలాడుతుంది. టెంపో గుంతల పడ్డప్పుడల్లా నడుమ వంగి లేస్తుంది. ఎక్కడో ఒక కాడ పట్టుమంటుంది. కింద ఎంత మెత్తటి పరుపు వేసినా అంతే.

మళ్లీ టీవీ కొననీకె మాకు ఏడాది పట్టింది. ఆ తర్వాత మా మరదలు ఇల్లు మారినప్పుడు వాళ్ల 43 అంగుళాల టీవీని నేనే దగ్గరుండి ఎక్కిచ్చిన. ఎట్లా చేసినమో చెప్తాను.

ముందుగాల టీవీ చాలు చేసి, బొమ్మ వస్తుండగ ఫోన్‌ల ఫోటో తీసినం. వెనుక వైర్లు ఏది ఎక్కడ ఉన్నదో ఇంకో ఫోటో. బంద్ చేసి, చల్లారినంక వైర్లు తీసినం. కాళ్ల స్క్రూలు, రిమోటు ఒక సంచిల వేసి మరదలి చేతికే ఇచ్చినం.

టీవీ వచ్చిన డబ్బా, థర్మాకోల్ ఉంటే అంతకు మించింది లేదు. అందుకే వాటిని పారెయ్యకండి. వాళ్ల దగ్గర లేవు. శుభ్రమైన మెత్తటి నూలు చద్దర్ చుట్టినం. అది మన సోలాపూర్‌ల దొరకనిదా! చద్దర్ మీద ముందట ఒకటి, వెనుక ఒకటి అట్టలు పెట్టి టేపు వేసినం. టేపు అద్దానికి తగలొద్దు. వానకాలమైతే పైన ప్లాస్టిక్ కప్పాలె.

పట్టుకునేటప్పుడు ఇద్దరు ఉండాలె. ఒక చెయ్యి కింద, ఒక చెయ్యి పక్క అంచుకు. అద్దం మీద వేళ్లు నొక్కొద్దు.

టెంపోల డ్రైవర్ వెనుక గోడకు ఒక పరుపు నిలబెట్టినం. అద్దం ఆ పరుపు దిక్కు చేసి టీవీని నిలబెట్టి, వెనుక ఇంకో పరుపు ఆనిచ్చినం. తాడు పరుపుల మీది నుండి కట్టినం, కదలకుండ ఉంటే చాలు, బిగించి గుంజొద్దు. బండి తోక దిక్కు కుదుపు ఎక్కువ, అక్కడ పెట్టొద్దు. బీరువాను వేరే పక్కకు వేరే తాడుతో కట్టినం. మిక్సీ, కుక్కర్, గిన్నెల మూట టీవీ దగ్గరికి రానియ్యలేదు.

చిన్న టీవీ అయితే టెంపోల వెయ్యనే వద్దు. ఆటోల వెనుక సీటు మీద నిలబెట్టి, పక్కన ఒకరు పట్టుకొని కూసుంటే సరిపోతుంది.

డ్రైవర్‌కు ముందే చెప్పినం, "అన్నా, స్పీడ్ బ్రేకర్ల కాడ నిమ్మళంగ పోనియ్యి, ఆలస్యమైతే కానియ్యి" అని. ఇంటికి చేరినంక టీవీనే ముందు దించినం. బాగా చలిల వస్తే గంట రెండు గంటలు ఆగి చాలు చెయ్యాలె, లోపలి తేమ ఆరుతది. మరదలి టీవీ చక్కగ చాలు అయ్యింది.

మగ్గం మీద పోగు తెగితే ముడి వేసి మళ్లీ నడిపిస్తం. అద్దానికి ముడి లేదు. ఇంకొక మాట. ఆ రోజు మా కోడలు చెప్పింది నిజమే. ఇంట్ల ఆమెకు ఈ మాట ఇంతవరకు చెప్పలేదు. ఈ పత్రిక ఇంటికి వచ్చినప్పుడు ఆమెనే చదివి వినిపించమంటాను.