ఉద్యోగుల పింఛను పథకం: తరచుగా వచ్చే సందేహాలకు వివరణ

ఉద్యోగుల పింఛను పథకం-1995 క్రింద విరమణ పింఛనుకు, వైకల్య పింఛనుకు అర్హతలు వేర్వేరు. ఈ తేడా తెలియక కార్మికులు తమ హక్కును కోల్పోరాదు.

విరమణ పింఛనుకు అర్హత ఏమిటి?
58 సంవత్సరాల వయస్సు, కనీసం 10 సంవత్సరాల సర్వీసు ఉండవలెను. 50 ఏళ్లు నిండి ఉద్యోగం మానినవారు ముందుగానే కోరవచ్చును. అయితే 58కి తక్కువైన ప్రతి సంవత్సరానికి 4 శాతం తగ్గుతుంది.

సర్వీసులో ఉండగా వైకల్యం సంభవిస్తే?
శాశ్వత, సంపూర్ణ వైకల్యానికి 10 సంవత్సరాల నిబంధన వర్తించదు. కనీసం ఒక నెల చందా చెల్లించి ఉంటే చాలును. ప్రమాదం పని స్థలం వెలుపల జరిగినా అర్హత ఉంటుంది. వైద్య పరీక్ష తప్పనిసరి.

దరఖాస్తు ఎట్లు?
ఫారం 10-డిని యజమాని ద్వారా భవిష్య నిధి కార్యాలయానికి సమర్పించవలెను. పింఛను మంజూరైన పిదప ఏటా జీవన ప్రమాణ పత్రం అందజేయవలెను.