కోతవేళ యంత్రం ఆగితే: రేపల్లె ప్రాంతంలో అమ్మకానంతర సేవ ఆవశ్యకత

కృష్ణా పశ్చిమ డెల్టాలోని రేపల్లె ప్రాంతంలో వరికోతల కాలం, తుఫానుల కాలం దాదాపు ఒకటే. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల సమీపంలో తీరం దాటినప్పుడు కోతకు వచ్చిన చేలు నేలకొరిగాయి. ఇటువంటి తరుణంలో ఒక బెల్టు తెగి, డీలరు వద్ద విడిభాగం లభించక కోతయంత్రం నిలిచిపోతే నష్టం మరమ్మతు ఖర్చుతో ముగియదు. తడిసిన గింజ మొలకెత్తుతుంది. తరువాతి మొక్కజొన్నకు అదను తప్పుతుంది.

కావున విస్తరణ శాస్త్రవేత్తలు యంత్ర సామర్థ్యంతోపాటు సేవాకేంద్రం దూరాన్ని, విడిభాగాల లభ్యతను కూడా చర్చించాలి. మరమ్మతు గడువును కొనుగోలుకు ముందే లిఖితపూర్వకంగా పొందమని రైతులకు సూచించాలి. రసీదు, వారంటీ పత్రం, తేదీతో కూడిన ఫిర్యాదు ప్రతి ఉంటే, స్వయంగా సాగుచేసుకొనే రైతు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద పరిహారం కోరవచ్చు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915.